మూసి ఉన్న సొంతింటికి తిరిగి వెళ్తున్నాం: పన్ను, కుళాయి, వీధి దీపం పనులు ఎవరి దగ్గర మొదలుపెట్టాలి?

ప్రశ్న: కాకినాడ నుంచి ఒక సభ్యుడు

అందరికీ నమస్కారం. మా సొంతూరు గోదావరి పశ్చిమ డెల్టాలో కాలువ ఒడ్డున ఉన్న ఒక పురపాలక పట్టణం. నాన్నగారు అక్కడ కష్టార్జితంతో కట్టించిన డాబా ఇల్లు ఉంది. ఆయన పదవీ విరమణ చేశాక అమ్మా ఆయనా కాకినాడలో మా దగ్గరే ఉండడంతో ఆ ఇల్లు కొన్నేళ్ళుగా తాళం వేసి ఉంది. కిందటేడు నాన్నగారు కాకినాడలోనే ఆసుపత్రిలో కాలం చేశారు. సంవత్సరీకాలు అయిపోయాయి కాబట్టి ఇక తన ఇంట్లోనే ఉంటానని అమ్మ పట్టుబడుతోంది. ఆమెకు డెబ్బై దాటాయి. మాఘమాసంలో మంచి రోజు చూసుకుని తీసుకువెళ్దామనుకుంటున్నాం.

ఈలోగా చక్కబెట్టుకోవలసినవి చాలా ఉన్నాయి. ఇంటి పన్ను ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది, బకాయి కూడా పేరుకుపోయింది. కుళాయి తిప్పితే గాలి తప్ప నీరు రావడం లేదు. ఇంటి ముందు స్తంభానికి దీపం వెలగడం లేదు. గోడ పక్కనున్న మురుగు కాలువ పూడిపోయి, గట్టి వాన పడితే నీరు మెట్ల దాకా వస్తోందని ఎదురింటివారు చెప్పారు.

వార్డు సచివాలయానికి వెళ్తే ఇవన్నీ పురపాలక కార్యాలయంలో తేలవలసిన పనులన్నారు. కార్యాలయానికి వెళ్తే దరఖాస్తులు సచివాలయంలోనే ఇవ్వాలన్నారు. ఇప్పుడు అన్నీ వాట్సాప్‌లోనే అయిపోతున్నాయని మా బావమరిది అంటున్నాడు. ఈ ముగ్గురిలో ఎవరి మాట పట్టుకోవాలో, ఏ పని ముందు, ఏ పని వెనుక చేసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు. అమ్మ విషయంలో రేషను, ఓటు వంటివి ఏమైనా మార్చుకోవలసి ఉంటుందా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.


జవాబు: విశ్రాంత పురపాలక ఉద్యోగి, భీమవరం

మీకు చెప్పిన ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. ఎవరికి వారు తమ వాటా మాత్రమే చెప్పారు. 2019 అక్టోబరు 2న సచివాలయాలు వచ్చినప్పటి నుంచి దరఖాస్తు తీసుకునే చోటు ఒకటి, మంజూరు సంతకం పడే చోటు మరొకటి అయ్యాయి. వార్డు సచివాలయంలో కాగితాలు తీసుకుంటారు, ఆన్‌లైన్‌లో ఎక్కిస్తారు, అక్కడి కార్యదర్శి వచ్చి ఇల్లు చూసి నివేదిక రాస్తారు. పన్ను పుస్తకంలో పేరు మార్చడానికో, కుళాయి మంజూరు చేయడానికో సంతకం మాత్రం పురపాలక కార్యాలయంలోనే పడాలి. కాబట్టి దరఖాస్తు సచివాలయంలో ఇచ్చి, అక్కడ ఇచ్చే దరఖాస్తు నంబరు ఉన్న రసీదును పట్టుకుని, ఆ కాగితం ఎవరి బల్ల మీద ఉందో కార్యాలయంలో ఆరా తీయాలి. ఆ నంబరు లేకుండా కార్యాలయానికి వెళ్తే ఎంత మంచి అధికారి అయినా మిమ్మల్ని తిరిగి సచివాలయానికే పంపుతారు, ఎందుకంటే ఆయన కంప్యూటరులో మీ పని ఇంకా పుట్టనే లేదు.

ఇక వరుస. అన్నిటికంటే ముందు నాన్నగారి మరణ ధ్రువపత్రం మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. జనన మరణాలు సంఘటన ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతాయి తప్ప సొంతూరిలో కావు. ఆయన పోయింది కాకినాడ ఆసుపత్రిలో కాబట్టి పత్రం కాకినాడ నగరపాలక సంస్థ నుంచే రావాలి, మీ ఊరి పురపాలక సంఘాన్ని అడిగి లాభం లేదు. మరణాన్ని 21 రోజుల లోపు తెలియజేయాలన్నది 1969 నాటి చట్టం. ఆసుపత్రిలో పోతే ఆ బాధ్యత ఆసుపత్రి వారిదే కాబట్టి సాధారణంగా నమోదు జరిగే ఉంటుంది. ఒకవేళ జరగకపోతే మాత్రం జాగ్రత్త పడాలి. ఏడాది దాటిన నమోదుకు మెజిస్ట్రేటు అధికారం ఉన్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. అది వేరే వ్యవహారం. పత్రం ఉన్నా, అందులో నాన్నగారి పేరు ఇంటి దస్తావేజులో ఉన్నట్టే ఉందా అని అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన వైపు ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, మరొకచోట పొడి అక్షరంగా, పేరు చివర మూర్తి ఒకచోట ఉండి మరొకచోట లేకుండా రాయడం మామూలు. నేను ఉద్యోగంలో ఉండగా పేరు మార్పిడి ఫైళ్ళు ఎక్కువగా ఆగింది ఈ తేడాల దగ్గరే. తప్పుంటే దాన్ని దిద్దవలసింది కూడా పత్రం ఇచ్చిన చోటే.

రెండోది కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం. దీన్ని తహశీల్దారు ఇస్తారు. నాన్నగారు చివరగా కాకినాడలో నివసించారు కాబట్టి అక్కడి మీ వార్డు సచివాలయంలోనే దరఖాస్తు చేయండి. ఈ రెండూ చేతికి వచ్చాక ఇంటి దస్తావేజు నకలు, పాత పన్ను రసీదు, ఆధార్ జతచేసి మీ ఊరి సచివాలయంలో పేరు మార్పిడికి పెట్టండి. పాత బాకీ తీరితే గాని పేరు మార్పిడి ముందుకు కదలదు.

బాకీ గురించి ఒక మాట. మీరు నాన్నగారి పాత రసీదు పక్కన పెట్టుకుని ఇప్పటి డిమాండు చూస్తే ఎవరో పొరపాటున ఎక్కువ వేశారనిపించవచ్చు. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలోని పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు గాని, అది ఏటేటా కలుస్తూ పోయేది. దీని మీద, ఆలస్యానికి నెలకు 2 శాతం చొప్పున సాధారణ వడ్డీ ఉంటుంది. అంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకు వారు కూడా ఇంత వేయరు. ప్రభుత్వం ఒక్కోసారి ఆర్థిక సంవత్సరం చివర వడ్డీలో రాయితీ ప్రకటిస్తుంది. 2025 మార్చిలో సగం వడ్డీ మాఫీ చేశారు. అయినా రాబోయే మాఫీని నమ్ముకుని కూర్చోవడం నాకైతే తెలివైన పనిగా కనిపించదు. కొత్త ఆర్థిక సంవత్సరం పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కట్టేవారికి 5 శాతం తగ్గింపు ఉంటుంది. పాత బాకీని మార్చి లోపు తీర్చుకుంటే ఆ తగ్గింపును కూడా అందుకోవచ్చు. కట్టడానికి మాత్రం మీ బావమరిది గారి సలహా పాటించండి. అసెస్‌మెంటు నంబరు (పన్ను పుస్తకంలో ఆ ఇంటికి ఇచ్చిన నంబరు) ఉంటే ఇంట్లో కూర్చునే కట్టేయవచ్చు.

చివరిగా, చాలామంది పట్టించుకోని విషయం. పన్ను పుస్తకంలో అమ్మగారి పేరు ఎక్కినంత మాత్రాన ఇల్లు ఆమె ఒక్కరిదే అయిపోదు. నాన్నగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన స్వార్జితంలో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలు వస్తాయి. నాన్నగారి తల్లిగారు జీవించి ఉంటే ఆమెకూ ఒక వాటా ఉంటుంది. పన్ను రసీదు కట్టినవారు ఎవరో చెబుతుంది తప్ప హక్కుదారు ఎవరో చెప్పదు. ఇల్లంతా అమ్మగారి పేరునే ఉండాలని మీ అందరి అభిప్రాయమైతే, మీరూ మీ తోబుట్టువులూ హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించి, దాన్నే పేరు మార్పిడికి జతచేయండి. అంత అవసరం లేదనుకుంటే వారసులందరి పేర్లూ ఎక్కించమని అడగవచ్చు. ఎవరి అంగీకారమూ తీసుకోకుండా ఒక్కరి పేరున పెట్టించే దారి ఎవరైనా చెబితే వినకండి.


జవాబు: నరసాపురం గృహిణి

పన్ను విషయం పెద్దాయన చెప్పేశారు కాబట్టి నేను నీళ్ళ సంగతి మాత్రం రాస్తాను. మీరు మాఘంలో వెళ్దామనుకుంటున్నారు, అంటే ఫిబ్రవరి. ఆ తరువాత రెండు నెలలకే కాలువలు కట్టేస్తారు. కాకినాడలో ఉన్నవారికి ఆ ఇబ్బంది అంతగా తెలియకపోవచ్చు గాని, మా పశ్చిమ డెల్టా పట్టణాలకు ఏడాదంతా అదే పెద్ద లెక్క.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగిన గోదావరి నీరు ఇవతలి ఒడ్డున విజ్జేశ్వరం లాకుల నుంచి పశ్చిమ ప్రధాన కాలువలోకి దిగి, పాయలుగా చీలి మన ఊళ్ళకు వస్తుంది. దాళ్వా (రెండో పంట వరి) కోతలకు వచ్చాక, సాధారణంగా ఏప్రిల్‌లో, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్ళీ జూన్ మొదట్లో వదులుతారు. ఆ మధ్య కాలానికి సరిపడా నీటిని పురపాలక సంఘాలు ముందే వేసవి చెరువుల్లోకి తోడి పెట్టుకుంటాయి. చెరువు నిండుగా ఉందా, గట్టు గండి పడిందా, ఎండ ఎంత కాసింది అన్నదాన్ని బట్టి మే నెలలో కుళాయి రోజూ వస్తుందా, రోజు విడిచి రోజు వస్తుందా, ఎంతసేపు వస్తుందా అన్నది తేలుతుంది. కాబట్టి కుళాయి దరఖాస్తును పేరు మార్పిడి పూర్తయ్యేదాకా ఆపకండి. పాత కనెక్షను నాన్నగారి పేరున ఉన్నా, దాన్ని మరమ్మతు చేయించుకోవడానికి పేరు అడ్డు రాదు. ఎమినిటీస్ సెక్రటరీ అని సచివాలయంలో ఒకరు ఉంటారు, నీళ్ళు, రోడ్లు, వీధి దీపాలు ఆయన చూస్తారు. ఇంటి దగ్గరికి వచ్చి చూడమని ఆయన్నే అడగండి.

ఆయన వచ్చినప్పుడు మీరు కూడా పక్కనుండి ఒకటి తప్పక చూడండి. వీధిలోని పెద్ద గొట్టం నుంచి మీ ఇంట్లోకి వచ్చే సన్న గొట్టం మురుగు కాలువను దాటి వస్తోందా? మా వీధుల్లో నూటికి తొంభై ఇళ్ళకు అలాగే వస్తుంది. కొన్నేళ్ళు వాడకుండా వదిలేసిన ఇనుప గొట్టం అయితే సరిగ్గా ఆ మురుగులో మునిగి ఉన్నచోటే తుప్పు పట్టి చిల్లు పడుతుంది. నీళ్ళు వస్తున్నంతసేపూ లోపలి ఒత్తిడి వల్ల మంచినీరు బయటికి కారుతుంది, అంతవరకే నష్టం. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోయి చుట్టూ ఉన్న మురుగును అదే చిల్లు లోపలికి లాగుతుంది. మర్నాడు కుళాయి తిప్పగానే మొదట వచ్చేది అదే. వానాకాలంలో వీధికి వీధి విరేచనాలతో మంచాన పడడానికి కారణం చాలాసార్లు ఇంత చిన్నది. పెద్ద గొట్టం పురపాలక సంఘానిది, అక్కడి నుంచి ఇంటికి వచ్చే సన్న గొట్టం ఖర్చు సాధారణంగా మనదే. ఇనుప గొట్టం తీసేసి, మురుగు కాలువ దాటేచోట అడుగున కాకుండా పైనుంచి, అతుకు లేకుండా ఒకే ముక్క ప్లాస్టిక్ గొట్టం వేయించండి. ప్లంబరు అతుకు పెడతానంటే ఒప్పుకోకండి.

నీళ్ళు రావడం మొదలయ్యాక కొన్ని రోజులు మొదటి రెండు బిందెలూ మొక్కలకు పోసేయండి. క్లోరిన్ ఉందో లేదో చూడడానికి పురపాలక సిబ్బంది దగ్గర చిన్న పరీక్ష సీసా ఉంటుంది. అందులో కుళాయి నీరు పట్టి మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగుకు తిరుగుతుంది. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మీ కుళాయి దగ్గర మిగిలి ఉండాలన్నది ప్రమాణం. ట్యాంకు దగ్గర ఎంత కలిపారన్నది కాదు, వీధి చివరి ఇంట్లో ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. అడిగితే వచ్చి చూపిస్తారు, అది మన హక్కు. జూన్, జూలైల్లో ఎర్రనీరు వచ్చినప్పుడు మాత్రం ఎంత శుద్ధి చేసినా ఒక్కోరోజు బిందె అడుగున ఒండ్రు తేరుతుంది. మా అత్తగారు ఇప్పటికీ చిల్లగింజను బిందె లోపలి గోడకు అరగదీసి నీరు పోస్తారు. తెల్లారేసరికి నీరు తేటపడుతుంది. అయితే తేటపడిన నీరు శుభ్రమైన నీరు కాదు, కాచి తాగవలసిందే.

బోరు వేయించుకుంటే ఈ గొడవ ఉండదని ఎవరైనా అంటారు. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ మన భూగర్భ జలం ఉప్పు. గిన్నెలు తోముకోవడానికి పనికొస్తుందేమో గాని, దానితో పప్పు ఉడకదు. కుళాయికి నేరుగా మోటారు బిగించమని సలహా ఇచ్చేవారు కూడా ఉంటారు. అది నిషేధం, పట్టుకుంటే మోటారు తీసుకుపోతారు. అది అలా ఉంచితే, వీధిలో మిగతావారి నీరు మనం లాగేసుకోవడం, చిల్లు గొట్టం ఉంటే మురుగును మరింత బలంగా లాగడం రెండూ దాని వల్ల జరుగుతాయి.


జవాబు: తణుకు నుంచి ఒక సభ్యుడు

పై ఇద్దరూ చెప్పినదానికి అదనంగా, ఏ వస్తువు ఎవరిదో తెలియక తిరిగే తిరుగుడు గురించి రాస్తాను. మీ ఇంటి ముందు దీపం పురపాలక సంఘానిది, అది వేలాడుతున్న స్తంభమూ దాని తీగలూ విద్యుత్ సంస్థవి. బల్బు పోతే సచివాలయంలో చెప్పాలి. స్తంభం ఒరిగినా, తీగ వేలాడినా మన రెండు గోదావరి జిల్లాల వైపు ఏపీఈపీడీసీఎల్ వారి 1912 నంబరుకు చెప్పాలి. చెప్పేటప్పుడు స్తంభం మీద రంగుతో రాసిన సంఖ్య చెబితే పని త్వరగా అవుతుంది. రామాలయం పక్క స్తంభం అంటే ఆ వార్డులో రామాలయాలు ఎన్ని ఉంటాయో మీకు తెలుసు.

మురుగు కాలువ కూడా ఇలాంటిదే. వీధి పక్క కాలువలో పూడిక తీయవలసింది పారిశుద్ధ్యం వారు, సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీకి చెప్పాలి. గోడ కూలిపోయి కొత్తగా కట్టవలసి వస్తే అది ఇంజనీరింగ్ విభాగం పని, అంచనా వేసి నిధులు మంజూరయ్యేదాకా ఆగాలి. ఈ రెండింటినీ కలిపి ఒకే అర్జీలో రాస్తే ఒకరు రెండోవారి పని అని రాసి పక్కన పెడతారు, కాబట్టి రెండు అర్జీలు ఇవ్వండి. మీ కాలువ వెళ్ళి కలిసే పెద్ద డ్రెయిను గాని, సాగునీటి కాలువ గట్టు గాని అయితే అసలు పురపాలక సంఘానిదే కాదు, జలవనరుల శాఖది. భీమవరం మధ్యలోంచి పోయే యనమదుర్రు డ్రెయినే ఇందుకు ఉదాహరణ. అందులో గుర్రపుడెక్క పేరుకుని నీరు వెనక్కి తన్నితే, పట్టణంలోని చిన్న కాలువలన్నీ శుభ్రంగా ఉన్నా నీరు పోదు. డెల్టా నేల బల్లపరుపు, సముద్రం దగ్గర, వాలు చాలా తక్కువ. అందుకే మన ఊళ్ళలో ఒక్క ఇంటివారు కాలువ మీద ర్యాంపు ఎత్తి కట్టినా పైనున్న పది ఇళ్ళ ముందు నీరు నిలుస్తుంది. మీ నీరు మెట్ల దాకా వస్తోందంటే ముందు దిగువన నాలుగైదు ఇళ్ళ దాకా నడిచి చూడండి. అడ్డు అక్కడే ఉండవచ్చు. ఇరుగుపొరుగుతో మాటతో తేలే పనికి అర్జీ దాకా వెళ్ళడం నాకు ఇష్టం ఉండదు, అయినా ఒక్కోసారి తప్పదు.

రోడ్ల సంగతీ అంతే. మీ వీధి రోడ్డు పురపాలక సంఘానిదే గాని, ఊరి నడుమ పోయే పెద్ద రోడ్డు రాష్ట్ర రోడ్లు భవనాల శాఖదో, 216, 165 నంబర్లవంటి జాతీయ రహదారిదో అయి ఉండవచ్చు. దాని గుంతల గురించి పురపాలక సంఘానికి ఎన్ని అర్జీలు ఇచ్చినా వారు చేయగలిగింది లేదు.

ఫిర్యాదుకు ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. పురమిత్ర యాప్ ఉంది, 1100 నంబరు ఉంది, 2025 జనవరి 30న మొదలైన మన మిత్ర వాట్సాప్ సేవ 95523 00009 నంబరు మీద ఉంది, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక పశ్చిమ గోదావరి కలెక్టరేట్ భీమవరానికి వచ్చింది కాబట్టి మునుపటిలా ఏలూరు దాకా పోనక్కరలేదు. అయితే చాలామంది మొదటి అడుగే కలెక్టరు గారి దగ్గర వేస్తారు. అక్కడ ఇచ్చిన అర్జీ నంబరు వేయించుకుని, చివరికి మీ ఊళ్ళో మీరు దాటుకుని వెళ్ళిన అదే ఉద్యోగి దగ్గరికి వస్తుంది. ఆయన పని చేయవలసినదానికంటే ముందు జవాబు రాయవలసి వస్తుంది. ముందు సచివాలయంలో ఇవ్వండి, రసీదు మీద తేదీ ఉంటుంది. చెప్పిన గడువు దాటాక ఆ రసీదు జతచేసి పై మెట్టుకు వెళ్తే అర్జీకి బరువు ఉంటుంది. పరిష్కరించినట్టు ఫోనుకు సందేశం వచ్చి, చూస్తే దీపం వెలగకపోతే, అదే రోజు ఫొటో పెట్టి తిరిగి తెరిపించండి. అలా మూసేయడం మా వీధిలోనూ జరిగింది.

ఇన్నిటి తరువాత కూడా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, నా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏమి రాశారో నకలు ఇవ్వండని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఎందుకు చేయలేదని అడగకండి, ఆ చట్టం కింద కాగితం అడగాలి గాని కారణం కాదు.


జవాబు: రాజమహేంద్రవరం నుంచి ఒక ఉపాధ్యాయిని

అమ్మగారి గురించి అడిగినదానికి క్లుప్తంగా. ఓటు మార్చుకోవడానికి ఫారం 8 నింపాలి. కొత్తగా నమోదయ్యే ఫారం 6 కాదు, అది పెడితే రెండుచోట్ల పేరు ఉందన్న చిక్కు వస్తుంది. ఆధార్‌లో చిరునామాను ముందు మార్చుకుంటే మిగతావాటికి దారి సుగమం అవుతుంది.

మీ నాన్నగారు ప్రభుత్వ ఉద్యోగం చేసి, అమ్మగారికి కుటుంబ పింఛను వస్తూ ఉంటే రైస్ కార్డు (రేషను కార్డు), ఎన్టీఆర్ భరోసా పింఛను వారికి వర్తించవు, వాటి కోసం తిరగనక్కరలేదు. అలా కాక కార్డు ఉన్నట్లయితే, 2025 జూన్ నుంచి ఇంటింటికీ తిరిగే రేషను బండ్లు మానేసి మళ్ళీ రేషను దుకాణాల్లోనే నెల మొదటి పదిహేను రోజులూ సరుకులు ఇస్తున్నారు. 65 ఏళ్ళు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే తెచ్చి ఇవ్వాలన్నది నిబంధన. ఆ సంగతి డీలరుకు ముందే చెప్పి ఉంచండి. బీపీ, షుగరు మాత్రలకు పట్టణ ఆరోగ్య కేంద్రం ఎక్కడుందో చూసుకుని, వార్డు ఆరోగ్య కార్యదర్శి ఫోను నంబరు అమ్మగారి ఫోనులో పెట్టండి. వారు చుట్టుపక్కలే తిరుగుతూ ఉంటారు.

ఎవరూ చెప్పరు కాబట్టి ఇంకొకటి. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు పోతుంది. ఇల్లు తాళం వేసి ఉన్న ఏళ్ళకు కూడా మీరు దాన్ని కట్టబోతున్నారు. మా ఊళ్ళో గౌతమీ గ్రంథాలయం పెద్దది గాని, మీ ఊళ్ళో చిన్న శాఖ అయినా ఉంటుంది. కొద్దిపాటి ధరావతు కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికి ఇస్తారు. ఒంటరిగా ఉండబోయే పెద్దావిడకు సాయంత్రం వెళ్ళడానికి ఒక చోటు ఉండడం కుళాయి కంటే తక్కువ అవసరమేమీ కాదని నా అభిప్రాయం. మా అమ్మగారు పత్రికలన్నీ అక్కడే చదివి వచ్చి నాకు చెబుతుంటారు.


ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ ధన్యవాదాలు. మరణ ధ్రువపత్రం తీసి చూస్తే నాన్నగారి ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంది, దస్తావేజులో పూర్తిగా ఉంది. రేపు నగరపాలక సంస్థకు వెళ్ళి కనుక్కుంటాను. గొట్టం విషయం ఎదురింటివారిని చూడమంటే, నిజంగానే మురుగులోంచే వస్తోందన్నారు.

భీమవరం పెద్దాయనను ఒకటి అడగాలి. మా చెల్లెలు అమెరికాలో ఉంది. ఇల్లు అమ్మ పేరునే ఉండాలని ఆమె కూడా అంటోంది గాని, ఇప్పట్లో రాలేదు. ఆమె సంతకం ఎలా?


జవాబు: విశ్రాంత పురపాలక ఉద్యోగి, భీమవరం

మన జిల్లాలో ప్రతి రెండో ఇంటికీ ఉన్న ప్రశ్నే ఇది. మీ చెల్లెలు గారు అక్కడి భారత కాన్సులేట్‌కు వెళ్ళి, ఈ ఇంట్లో తన హక్కును అమ్మగారికి విడుదల చేస్తూ దస్తావేజు రాసి రిజిస్టరు చేయించే అధికారాన్ని ఒకరికి ఇస్తున్నట్లు పవర్ ఆఫ్ అటార్నీ మీద సంతకం చేసి ధ్రువీకరింపజేయాలి. ఆ అధికారాన్ని అమ్మగారికే ఇవ్వకండి, రాసేవారూ పుచ్చుకునేవారూ ఒకరే అవుతారు. మీకో, చెల్లెలు గారి అత్తవారి తరఫు పెద్దలకో ఇవ్వడం మేలు. ఇంటి డోరు నంబరు, హద్దులు, దస్తావేజు నంబరు అందులో స్పష్టంగా రాయించండి. నా ఆస్తులన్నిటి మీద అని మొత్తంగా రాసిన కాగితాన్ని సబ్ రిజిస్ట్రారు ఒప్పుకున్నా, మీ చెల్లెలు గారి దృష్టితో చూస్తే అది అంత మంచిది కాదు.

ఆ కాగితం మన దేశానికి చేరిన నాటి నుంచి మూడు నెలల లోపు ఇక్కడ స్టాంపు సుంకం కట్టి ముద్ర వేయించుకోవాలి. కొరియరు కవరును పారేయకండి, వచ్చిన తేదీకి అదే సాక్ష్యం. పేరు దిద్దించుకునే పని ముందు పూర్తి చేసి, ఆ దిద్దిన పత్రంలో ఉన్నట్టే నాన్నగారి పేరు అందులో రాయమని చెల్లెలు గారికి చెప్పండి, లేకపోతే కాన్సులేట్ దాకా ఆమెను మళ్ళీ పంపవలసి వస్తుంది. ఈలోగా బాకీ కట్టడానికీ, కుళాయి బాగుచేయించుకోవడానికీ ఆమె సంతకంతో పని లేదు కాబట్టి ఆ రెండూ సంక్రాంతి వెళ్ళగానే మొదలుపెట్టుకోండి.